తలుపు సందులో గుడ్డ

"కాస్త మెల్లగా మాట్లాడమ్మా. లోపల ఫొటోలు తీస్తున్నారు."

వరండాలో ఫోన్లో మాట్లాడుతున్న పరిశోధకురాలికి ఆ ముసలాయన మాటకి ఒళ్ళు మండింది. లోపల తీస్తున్నది తన ఫొటోలే మరి!

మెగ్నీషియం మిశ్రమలోహంలో సూదుల్లా కనిపించేవి సూదులు కావు, పలుచని పలకలు అని ఆమె వాదన. అంచువైపు నుంచి చూస్తే పలక కూడా సూదిలాగే ఉంటుంది. అందుకే లోహపు ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కొంచెం కొంచెంగా తిప్పుతూ డెబ్బై ఫొటోలు తీయాలి. అన్నీ కలిపితే అసలు ఆకారం బయటపడుతుంది.

ఈ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదని థీసిస్ మొదటి పేజీలోనే రాసుకుంది.

రెండు ముక్కల ఫొటోలు అద్దంలా వచ్చాయి. 'నా చెయ్యి మంచిది' అని అందరితో చెప్పుకుంది. ఇది మూడోది, ఆఖరిది. ఎల్లుండి థీసిస్ ఇచ్చెయ్యాలి.

ఆమె వచ్చినప్పుడల్లా ఈ ముసలాయన వరండాలో స్టూలు వేసుకుని కూర్చునే ఉంటాడు. వచ్చేపోయేవాళ్ళని మెల్లగా నడవమంటాడు.

"ఇంతకీ మీకిక్కడ ఏం పనండీ?"

"పనేం లేదమ్మా. ఊరికే."

"ఊరికే కూర్చోడానికి ఇదేమన్నా పార్కా?"

వాచ్‌మన్‌ని పిలిచింది. ఆయన లేచాడు. వరండా తలుపు సందులో కుక్కిన పాత గుడ్డ ఆమె కంటబడింది. లాగి ఆయన చేతిలో పెట్టింది.

"ఈ చెత్త కూడా పట్టుకెళ్ళండి."

"దాన్ని మాత్రం ఉండనివ్వమ్మా..."

ఆమె వింటేగా! టీ తాగడానికి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి ఆపరేటరు తల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సగం ఫొటోలు అదురుకి మసకబారిపోయాయి మేడం. ఈ తలుపు ఒకటే కొట్టుకుంటోంది. ఎలక్ట్రాన్ల దెబ్బకి ముక్క కూడా పాడైంది, మళ్ళీ తీయలేం. పెద్దాయన ఏరీ?"

"నేనే... పంపించేశాను."

గేటు దాకా పరుగెత్తింది. ఆయన వెళ్ళిపోయాడు, ఇంక రానన్నాడని వాచ్‌మన్ చెప్పాడు. సిగ్గుతో చచ్చిపోతూ వెనక్కి వచ్చింది.

"ఎవరాయన?"

"మీ వాదన సంగతి తెలిసిన రోజు చిన్నపిల్లాడిలా సంబరపడ్డారండీ. అప్పట్నుంచీ మీ టర్ను ఉన్న రోజుల్లోనే వచ్చి కాపలా కూర్చుంటున్నారు."

"నా కోసమా? ఎందుకూ?"

ఆపరేటరు ఖాళీ స్టూలు వంక చూశాడు.

"ఇరవై ఏళ్ళ కిందట, అవి సూదులు కావు పలకలని మొట్టమొదట అన్నది ఆయనే మేడం, ఇదే తలుపు కొట్టుకుని ఆయన ఫొటోలు కూడా మసకబారిపోతే, ఒక్కరూ నమ్మలేదు."