మాగాయ ఎండలో ఉండగా

సముద్రపు ఉప్పు బోరుబావులకెక్కాక ఆ ఊళ్లో తాగడానికి మిగిలింది డాబామీద పడే వాన ఒక్కటే. ప్రతి ఇంటి గొట్టానికీ అడుగున రుచి చూసే తూము ఉంది. అది తొలకరిని మూడుసార్లు చూస్తుంది. ఒక్కసారి మంచినీరని తేలిస్తే ఆ ఏడాది మళ్లీ చూడదు, వానంతా తొట్టిలోకే వదులుతుంది. మూడుసార్లూ ఉప్పు తగిలితే ఏడాది పొడుగునా కాలువపాలే.

మంగతాయారు డాబామీద మాగాయ ముక్కలు ఆరబోసి కునుకు తీస్తుండగా వాన కొట్టింది. ముక్కలు ఎత్తేలోగా వాటి ఉప్పు ఊటంతా గొట్టంలోకి పోయింది.

“ఉప్పు,” అంది తూము.

ఆవిడ చీపురుతో డాబామీది నీళ్లన్నీ తోసింది.

“ఉప్పు,” అంది మళ్లీ.

“ఇంకేం, ఏడాదంతా మాగాయ నంజుకుంటూ దాహంతో కూర్చుందాంలే,” అన్నాడు పెరట్లో గొడుగేసుకున్న మొగుడు వెంకటరాయుడు.

“ఆ వెటకారం తర్వాత. ముందు ఆ గొట్టం తూము నుంచి ఊడదీయండి.”

ఆవిడ కిందికొచ్చి, పళ్లెంలో నేరుగా పడే వాన పట్టి తూము నోట్లో పోసింది.

“మంచినీరు,” అంటూ అది తొట్టివైపు తెరుచుకుంది.

“ఇహ తగిలించనా?”

“ఉప్పంతా తొట్టిలోకి దింపుతారా? ఉండండి.”

ఊడిన గొట్టం కింద దోసిలి పట్టి చప్పరించింది, ఉమ్మేసింది. మళ్లీ పట్టింది, మళ్లీ ఉమ్మేసింది. అరగంట గడిచాక ఒక దోసెడు నోట్లో పోసుకుని, కాసేపు ఆగి, మింగింది.

“ఇప్పుడు తగిలించండి,” అంది.