వెయ్యి కిలోమీటర్లు

బాలమణికి అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే: ఆ కొత్త కారు వెయ్యి కిలోమీటర్లు తిరగడం.

కారు వాళ్లది కాదు. జూబ్లీ హిల్స్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ కంపెనీ అయ్యగారిది. ఆ ఇంట్లో మొక్కలకు నీళ్లు పట్టే ఓదెలుకు లైసెన్సు ఇప్పించి, తెల్ల యూనిఫారం కుట్టించి, డ్రైవరని పేరు పెట్టి జీతం పెంచిందీ ఆయనే.

రహమత్ నగర్ గల్లీ అంతా మెచ్చుకుంది. ఓదెలు భార్య బాలమణి మాత్రం మెచ్చుకోలేదు.

"కొత్త ఇంజనంట. వెయ్యి దాకా ఎనభై దాటొద్దంట, జోరుగ తొక్కొద్దంట. లోపలి సామాన్లు రాసుకోని రాసుకోని కుదురుకోవాల్నంట." షోరూమ్ మెకానిక్ మాటలు చెప్పాడు ఓదెలు.

బాలమణి ఒళ్లో మూడో నెల పాప. ఇంకా మెడ నిలవలేదు. ఆమెకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

రోజూ సాయంత్రం అతను చెప్పులు విప్పకముందే అడిగేది.

"ఎంతయింది?"

"నాలుగొందల పది."

"బాబు?"

అయ్యగారి కొడుకు విహారి. ఇంటర్ చదువుతున్నాడు.

"పక్కనే ఉంటడు. ఎప్పుడు వెయ్యయితదా అని మీటరు దిక్కే చూస్తడు."

"రెండువేలని చెప్పరాదు!"

ఓదెలు చెప్పి చూశాడు. విహారి పడిపడి నవ్వాడట. "కారు పుస్తకంలో వెయ్యనే ఉంది ఓదెలూ. నీకు చదవడం రాకపోతే నాకూ రాదనుకున్నావా?"



తొమ్మిది వందలు దాటేసరికి పాపకు మెడ నిలిచింది. తల్లికి అన్నం దిగడం మానేసింది.

"ఆ నౌకరీ ఇడిసిపెట్టయ్యా. మళ్ల మొక్కలకాడికే పోరాదు."

"పాలడబ్బా మొక్కలకు కాస్తదా?"

ఆదివారం పొద్దున మీటరు వెయ్యి చూపించింది. మధ్యాహ్నం ఫిలింనగర్ మలుపులో, కొత్త ఆఫీసు కడుతున్న చోట, ఇసుక తట్ట ఎత్తుకున్న కూలీ మనిషి ఒకామె ఆ కారు కిందికి వెళ్లిపోయింది. నూట ఇరవైకి పైనే ఉందన్నారు చూసినవాళ్లు.

బాలమణి పాపను చంకనేసుకుని పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తింది. ఓదెలు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. యూనిఫారం ఇస్త్రీ కూడా నలగలేదు.

"సంతకం పెట్టిన," అన్నాడు తల ఎత్తకుండా. "అయ్యగారోళ్లు పాపను చూసుకుంటమన్నరు."

మీరు ఆ దారిన వెళ్తే స్టేషన్లో ఓదెలును ఒక్కసారి చూసి రండి, కారు నడిపి మనిషిని చంపింది నేనేనని రాసిచ్చిన అతనికి సైకిలు తప్ప ఏ బండీ నడపడం రాదు.