డెక్క వేసిన మేక ఏది?

ఏటి ఒడ్డు బురదమట్టి మీద అడవి జంతువులు ఒకదాని గురించి ఒకటి రాసేవి. పిల్లజీవాలు అది చదివే ఎవరిని నమ్మాలో నేర్చుకునేవి. ఎవరి గురించి వాళ్లే రాసుకోకూడదు, రాసినవాళ్లు కింద కాలిముద్ర వేయాలి. కాపలా తీతువుపిట్టది.

ఓ పొద్దున "తోడేలంత సాధుజంతువు లేదు" అన్న రాత కింద మేక డెక్క ముద్ర కనిపించింది. చుట్టూ మాత్రం తోడేలు అడుగులే.

తీతువు తోడేలును నిలదీసింది. "ఆ మేకను రమ్మను. నా కళ్లముందు మళ్లీ డెక్క వేయమను."

"అదిక రాదులే," అంది తోడేలు మూతి నాక్కుంటూ.

తీతువుకు ఒళ్లు మండిపోయింది. రాతను రెక్కతో చెరిపేసి, డెక్క ముద్రను మాత్రం సాక్ష్యంగా అలాగే ఉంచింది.

"నిన్నూ మింగేస్తా!" అని గుర్రుమంది తోడేలు.

"మింగు! రేపు నా కాలిముద్ర కూడా వేసుకో. చదివినవాళ్లు నన్ను వెతుక్కుంటూ నీ పొట్ట దగ్గరికే వస్తారు!"