ఈల వేసే రెక్క

"మళ్లీ పీకేశారు! ఐదో రోజు, ఐదోసారి!"

హెన్నో గ్లైడర్ రెక్క కింద వెల్లకిలా పడుకుని అరిచిన అరుపుకి రోన్ కొండ మీద పోటీ మైదానమంతా ఇటు తిరిగింది. ఒంటికంటిన గడ్డి కూడా దులుపుకోకుండా లేచి, పక్క జట్టు ఎగోన్ మీదికి వెళ్లాడు.

"నీ పనేగా ఇది?"

"నాకేం ఖర్మ! మూరెడు పట్టీ సరిగ్గా అంటించడం చేతకాక నా మీద పడతావేం?"

పోయింది నిజంగా మూరెడు పట్టీయే. అంచు రంపం పళ్లలా ఉండే పల్చటి ప్లాస్టిక్ ముక్క. రెక్క అడుగున, వెనక అంచుకి కాస్త ముందు అంటిస్తారు. అది ఉంటే గాలి కాస్త చెదిరి, చప్పుడు చెయ్యకుండా జారిపోతుంది. లేకపోతే మరీ నున్నగా వచ్చి, అంచు దాటేటప్పుడు పిల్లనగ్రోవిలా ఒకే స్వరం పట్టుకుని ఈల వేస్తుంది. ఈల వేసిందంటే వేగం పోతున్నట్టే. ఇంజన్ లేని విమానానికి పోయిన వేగం మళ్లీ ఎక్కణ్ణుంచి వస్తుంది? హెన్నో సిద్ధం చేసి పెడితే ఈ గ్లైడర్ నడిపే ఫ్రౌకె రెండో స్థానంలో ఉంది, మొదటి స్థానానికి పదకొండు పాయింట్ల దూరంలో. రేపే ఆఖరి రోజు.

ఆ ఫ్రౌకెకే చీమ కుట్టినట్టు లేదు. హెన్నో చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"వదిలెయ్ హెన్నో, పట్టీయే కదా. నాన్నకి కాఫీ ఇచ్చావా?"

ఫ్రౌకె నాన్న ఒట్మార్ గమ్యం గీత పక్కన మడత కుర్చీలో ఉన్నాడు. అందరూ ఆయన్ని మేస్త్రీ అనే పిలుస్తారు. ఆ గ్లైడర్ ఆయన చేతుల మీద తయారైందే. రెండేళ్ల కిందట చూపు పూర్తిగా పోయింది. అయినా ముప్పై ఎనిమిది గ్లైడర్లు ఒకదాని వెనక ఒకటి దూసుకొస్తుంటే, బైనాక్యులర్ పెట్టుకున్నవాళ్లు ఇంకా వెతుక్కుంటూ ఉండగానే, "అదిగో మా అమ్మాయి!" అని వేలు చూపిస్తాడు. ఐదు రోజుల్లో ఒక్కసారీ తప్పలేదు. ఏం చెవులండీ అవి! కళ్లున్న మనం సిగ్గుపడాలి.

"ఎలా పోల్చుకుంటున్నారు మేస్త్రీ?" కాఫీ అందిస్తూ అడిగాడు హెన్నో.

"ఈల విని. ఎడమ రెక్క, కొసకి రెండు మూరలు ఇవతల. అక్కడ పట్టీ లేదు కదూ?"

సరిగ్గా అక్కడే లేదు. హెన్నో నోరు తెరిచాడు. "అంత ఎత్తు నుంచి..."

"నేను చేసిన రెక్కరా. దాని గొంతు నాకు తెలీదా?"

హెన్నోకి ఇంకో అనుమానం వచ్చింది. "కోప్పడకండి. ఆ ఈల కోసం మీరే గానీ..."

"నా బిడ్డ గెలుపుని నేనే పీకేస్తానా?"

ముసలాయన కాఫీ కప్పు కింద పెట్టేశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "రేపు పొద్దున్నే అంటించకు. తను కూర్చుని, బెల్టులు బిగించుకుని, పైన గాజుమూత వేసుకున్నాక అంటించు. ఎవరికీ చెప్పకు. తనకి కూడా."

"మరి మీకు ఈల వినపడదే?"

"పోనీలే, గెలవనీ."

మర్నాడు ఫ్రౌకె రోజూలాగే ఎగిరేముందు గ్లైడర్ చుట్టూ ఒక్కతే తిరిగి, రెక్కలు తడిమి చూసుకుంది.

"హెన్నో, పట్టీ అంటించలేదే?"

"మర్చిపోయా."

"పర్లేదులే!" నవ్వుతూ ఎక్కి కూర్చుంది.

గాజుమూత పడగానే హెన్నో రెక్క కిందికి దూరాడు.

"ఏం చేస్తున్నావక్కడ?" లోపలి నుంచి అరిచింది.

"పురుగులు తుడుస్తున్నా!"

మధ్యాహ్నం గ్లైడర్లు తిరిగి రావడం మొదలైంది. మేస్త్రీ ప్రతి చప్పుడుకీ తలెత్తాడు, మళ్లీ దించుకున్నాడు. వేలు మాత్రం లేవలేదు.

"వచ్చిందా?"

"వచ్చి, దిగి, గెలిచేసింది మేస్త్రీ! మన తల మీంచే పోయింది! మొదటి స్థానం!"

"చప్పుడే చెయ్యలేదు." మేస్త్రీ కళ్లు తుడుచుకున్నాడు. తన రెక్క గురించి ఆయన అంత గర్వపడడం హెన్నో ఎన్నడూ చూడలేదు.

"మొత్తానికి దొంగని ఓడించాం," అన్నాడు హెన్నో. "కానీ మేస్త్రీ, గాజుమూత పడ్డాక కూడా అక్కడ ఎగోన్ ఉన్నాడు, ఇంకో పదిమంది ఉన్నారు. వాళ్లలో ఎవరైనా పీకెయ్యొచ్చుగా?"

"వాళ్లెవరూ పీకరు లేరా. నాకు వినపడాలని పీకే దొంగ ఒక్కతే. బెల్టులు బిగించుకున్నాక దానికి చెయ్యి అందదు."