కాఫీ కప్పుకి చోటు

ఆ ఉదయం నిజం చెప్పివుంటే ఏమయ్యేది? ఏళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను.

ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో మా ఇంటి షెడ్డులో, గార్డులకు, అంటే అక్కడి పోలీసులకు తెలియకుండా, నా భర్త యోనా పిస్తోలు తూటాలు సొంతంగా తయారుచేసుకునేవాడు. తుపాకిమందు పోసిన తూటా గొట్టాలు కుడివైపు, ఖాళీవి ఎడమవైపు నిలబెట్టేవాడు. ఆ ఉదయం కాఫీ కప్పుకి చోటు చేయబోయి, మందు పోసినదొకటి ఖాళీవాటిలోకి జరిపేశాను.

"ఏయ్ లీలా, ఏమన్నా కెలికావా? ఒకదాంట్లోనే రెండుసార్లు మందు పడిందంటే పిస్తోలే పేలిపోద్ది!"

"లేదండీ. దేన్నీ ముట్టుకోలేదు."

సరేనన్నట్టు "గ్రాండ్" అంటూ, నా కళ్లముందే నేను జరిపినదాంట్లో మళ్లీ మందు పోశాడు.

శనివారం షూటింగ్ రేంజిలో పిస్తోలు పేలి, అతని కుడిచేతి వేళ్లు మూడు పోయాయి.

ఆ చెయ్యి మళ్లీ నా మీదికి లేవలేదు.

భయంతో అబద్ధమాడానో, కావాలనే ఆడానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.