పన్ను పీకే ముందు

“నన్ను ముందు పోనీండి. ప్రాణం పోతాండాది,” అన్నాడు మారెప్ప.

పెనుకొండలో కొత్తగా పెట్టిన పంటి క్లినిక్ అది. బెంచీ మీద ఆరుగురున్నారు. అందరివీ వాచిన దవడలే.

“మాది మాత్రం ప్రాణం కాదా అబ్బా?” అని ఒకామె దెప్పింది. కానీ మనిషి వాలకం చూసి దారి వదిలింది. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది.

డాక్టరు ప్రమోద కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

“పన్ను పీకాలంటే ఏమేమి చూసుకోవాల మేడం? పీకితే ఏమేమి అవుతుంది? అంతా చెప్పండి.”

ప్రమోదకు ముచ్చటేసింది. వచ్చినవాళ్లంతా తొందరగా పీకెయ్ అనేవాళ్లే గానీ, ఇలా అడిగినవాడు ఒక్కడూ లేడు.

“మంచిదప్పా. షుగరు ఉండాదా? బీపీ? గుండెకు స్టెంటు ఏమన్నా ఏసినారా? రక్తం పల్చబడే మాత్రలు తింటాండావా?”

మారెప్ప ఆ చివరి మాటనే పట్టుకున్నాడు.

“ఆ మాత్రలు తింటా పీకించుకుంటే?”

“రక్తం ఒక పట్టాన ఆగదు. అందుకే గుండె డాక్టరుతో మాట్లాడి, అన్నీ సిద్ధం చేసుకునే పీకుతాం.”

“తినేవాడు ఆ సంగతి చెప్పకపోతే?”

“పాపం, వాళ్లకేం తెలుస్తుంది? అడగాల్సింది పీకేవాళ్లు. అడక్కుండా పన్ను మీద చెయ్యే వెయ్యకూడదు.”

మారెప్ప తల దించుకున్నాడు. జేబులో ఫోను మోగింది. చూడకుండానే నొక్కేశాడు. ఆ ఫోను చూడాలంటేనే అతనికి హడలుగా ఉంది.

“ఆగకపోతే ఏం చెయ్యాల?”

“శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా కొరికి పట్టాల. అరగంటకూ ఆగలేదంటే ఇంక చూడగూడదు. హిందూపురం పెద్దాసుపత్రికి తీసకపోవాల్సిందే.”

“రెండు గంటలైనా ఆగకపోతే?”

ప్రమోద నవ్వింది. “అంతసేపు చూస్తా ఎవరన్నా ఊరకుంటారా అప్పా? మనిషి దక్కొద్దా?”

మారెప్ప గోడ పట్టుకున్నాడు. దేవుడా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు అని లోపలే మొక్కుకున్నాడు.

“భయపడొద్దు. పీకకముందే ఇన్ని అడిగినావు చూడు, నీయంత జాగ్రత్త మనిషిని నేను చూడలేదు. కూర్చో, ఏ పన్నో చూస్తా.”

ఆ మాటకు మారెప్పకు ఏడుపు తన్నుకొచ్చింది. నోరు తెరవకుండానే వెనక్కి తిరిగాడు. రెండేసి మెట్లు దిగుతూ బస్టాండు వైపు పరుగెత్తాడు.

“ఇంత పెద్ద మొగోడు సూదికి భయపడి పారిపాయె,” అని బెంచీ మీదామె నవ్వింది.

బస్టాండు వెనక, ‘పళ్ళు పీకబడును, కట్టబడును’ అన్న బోర్డు కింద, పొద్దున మారెప్ప ఒక్క మాటా అడక్కుండా పన్ను పీకేసిన ధర్మవరం ముసలాయన కుళ్ళాయప్ప నోట్లో నాలుగో గుడ్డ కూడా రక్తంతో తడిసిపోయి ఉంది.