కడాయి సెగ

“నువ్వు బయట కూసో బిడ్డా. నేను మాట్లాడి వస్త,” అన్నాడు పోచన్న, డాక్టర్ గది తలుపు దగ్గర ఆగి.

“రిపోర్టులు నీకేం సమజైతయి బాపూ? పద,” అంటూ భూమేశ్వర్ తండ్రికంటే ముందే లోపలికి నడిచాడు.

పోచన్నకు ఈ పరీక్షల గొడవ మొదటినుంచీ గిట్టలేదు. పసుపు కొమ్ముల గంప ఎత్తబోతే కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టి పంపేస్తారనుకున్నాడు. కానీ ఆర్మూర్‌లోని ఆ చిన్న దవాఖానలో డాక్టర్ వాహబ్ ఎక్స్‌రే చూసి, అరవై నిండని మనిషికి ఎముకలు ఇంత గుల్లబారడమేమిటని ఒళ్లంతా పరీక్ష చేసి, రక్తం కూడా తీయించాడు. “చెయ్యి విరిగితె చెయ్యికి కట్టు కట్టాలె గని నెత్తురుతోని ఏం పని?” అని పోచన్న సణుగుతూనే ఉన్నాడు. భూమేశ్వర్ వినలేదు. మార్కెట్ యార్డు ఎదుట సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు అతనిది. విప్పి చూడందే ఏ రోగమూ తేలదని అతని గట్టి నమ్మకం.

డాక్టర్ రిపోర్టు తిప్పాడు. “మగ హార్మోను మస్తు తక్కువున్నది పెద్దాయనా. ఎముక గట్టిదనం, కండ, ఓపిక, అన్నీ దాని మీదనే ఉంటయి. తాగుడున్నదా?”

“పండుగకు జర కల్లు.”

“షుగర్? ఎప్పుడన్న గక్కడ దెబ్బ గిట్ల తాకిందా?”

“లేదు సార్.”

“చిన్నప్పుడు గవదబిళ్లలు అయినయా? చెంపలు ఉబ్బుతయి చూడు, గవి.”

“కాలే సార్,” అన్నాడు పోచన్న చప్పున.

భూమేశ్వర్ నవ్వాడు. “ఎందుకు కాలే బాపూ! మా నాయినమ్మ ఎప్పుడూ చెప్తుండె సార్. మీసాలొచ్చే ఈడుల అయినయట. పసుపు, సున్నం పట్టేస్తె చెంపలు తగ్గినయి గని వాపు కిందికి దిగిందట. నెల దినాలు మంచం దిగలేదట.”

“ముసలామె ముచ్చట్లు అట్లనే ఉంటుండె,” అన్నాడు పోచన్న, మొహం తుడుచుకుంటూ. ఈ వయసులో ఇంత సిగ్గేమిటో అనుకున్నాడు కొడుకు.

కట్టు మార్పించుకు రమ్మని పోచన్నను కంపౌండర్ దగ్గరికి పంపాక, డాక్టర్ కాగితం వెనక రెండు గీతలు గీశాడు.

“వృషణాల్ల రెండు పనులు జరుగుతయి. సన్నని గొట్టాలల్ల వీర్యకణాలు తయారైతయి. గొట్టాల నడుమ సందులల్ల వేరే కణాలుంటయి. కొలెస్ట్రాల్‌ను తీస్కొని టెస్టోస్టెరాన్ చేసేటివి గవే. మెదడు కింది గ్రంథి హుకుం పంపితె గవి పని చేస్తయి. మీ బాపు రక్తంల హుకుం జోరుగున్నది, సరుకే వస్తలేదు. అంటే చెడింది కార్ఖానానే.”

“ముప్పయ్యేండ్లు పసుపు ఉడకబెట్టే కడాయిల కాడనే నిలవడ్డడు సార్. గా సెగకు గిట్లయిందా?”

“సెగతోని కొంత నష్టముంటది. ఇంతగనం కాదు. తాగుడు, ఒళ్లు పెరుగుడు, షుగర్, కొన్ని మందులు, గివన్నీ చెడగొడ్తయి. ఈయనకు గవేం లేవు. ఇది గవదబిళ్లల పనే.” డాక్టర్ రిపోర్టు మీదనుంచి తల ఎత్తకుండా చెప్పుకుపోయాడు. “రెండు దిక్కులా ఎండిపోయినయి. గొట్టాలు అప్పుడే చచ్చినయి. పక్క కణాలు కొన్ని బతికి ఇన్నేండ్లు ఈడ్చుకొచ్చినయి. గందుకే మీసమొచ్చింది, సంసారం చేసిండు. పిల్లలంటవా, గా జరంతోనే గా దారి బందై...”

అక్కడ తల ఎత్తాడు. ఎదురుగా భూమేశ్వర్ కూర్చుని ఉన్నాడు. డాక్టర్ కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

భూమేశ్వర్‌కు తల్లి వినోద ముఖం కళ్ల ముందుకొచ్చింది. భూమేశ్వర్ ఆ ఆలోచనను అక్కడే తుంచేశాడు. తనెవరన్నది తరవాత సంగతి. చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే తనను భుజాన వేసుకుని తమ ఊరు ఏర్గట్ల నుంచి ఇక్కడిదాకా పరుగెత్తుకొచ్చిన మనిషి గోడ అవతల చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. ఆయనకిది తెలిస్తే బతకగలడా? బతికినా, తనను మళ్లీ బిడ్డా అని పిలుస్తాడా? భూమేశ్వర్‌కు నిజంగా భయమేసింది.

“సార్, బాపుకు చెప్పకుండ్రి. కడాయి సెగ అనుండ్రి.”

“నేను అబద్ధమాడ. అడగకుంటె చెప్ప. గంతే,” అన్నాడు డాక్టర్.

పోచన్న కొత్త కట్టుతో వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. “ఏమంటుండు డాక్టర్ సాబు?”

“ఏం లేదు బాపూ! గా కడాయి సెగకు గిట్లయిందట. మందులు వాడితె ఎముక గట్టివడతదట. ఫికర్ చేయకు.”

పోచన్న డాక్టర్ వంక చూశాడు. డాక్టర్ మందులు రాసుకుంటున్నాడు.

“సెగనే అయ్యుంటది,” అన్నాడు పోచన్న.

భూమేశ్వర్ గుండె కుదుటపడింది. మందులు కొన్నాడు, తండ్రిని బండి వెనక జాగ్రత్తగా ఎక్కించుకున్నాడు. యార్డు ముందు పసుపు లారీలు అడ్డం తిరిగి ఉంటే బండి ఆపాల్సి వచ్చింది. పోచన్న బాగున్న చెయ్యి కొడుకు భుజం మీద వేశాడు.

“ఇంటికి పోంగనె అమ్మ అడుగుతది బిడ్డా.”

“సెగ అనే చెప్త బాపూ.”

“గదే చెప్పు. డాక్టర్ సాబు నీకు చెప్పింది మాత్రం ఆమె చెవుల పడనియ్యకు.”

భూమేశ్వర్ వెనక్కి తిరిగాడు.

“నాకు తెల్వదనుకుంటది,” అన్నాడు పోచన్న.